కుక్కర్ దగ్గరున్న అకల్ కారు దగ్గరేమైంది?

మా సెకండ్‌హ్యాండ్ కారు ఇంటికొచ్చిన రోజు అందరూ సీట్లు చూశారు, పాటలొచ్చే డబ్బా చూశారు, ఏసీ ఎంత చల్లగా తగులుతోందో చూశారు. మా అమ్మీ ఒక్కతే ముందుకెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఇస్‌మే పానీ కహాఁ డాల్తే రే?" అని అడిగింది. దీంట్లో నీళ్లెక్కడ పోస్తార్రా అని. ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆ నవ్వుకు మేం చెల్లించిన ఖీమత్ రూ.22 వేలు, పైగా మా భాంజా ముంజేతి మీద ఒక మచ్చ.

జరిగింది చెప్తాను. కసూర్ వేరే ఎవరిదీ కాదు, నాదే. కంచరపాలెం నుంచి అరకు బయల్దేరాం. డిసెంబరు చలి. ఐదుగురు కూర్చునే కారులో ఏడుగురం, డిక్కీ నిండా దమ్ బిర్యానీ గిన్నెలు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా ఖైరియత్‌గానే సాగింది. అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఏసీ వేసుకుని, రెండో గేరులో, ముందు పోతున్న బస్సు పొగ మింగుతూ మెల్లగా వెళ్తున్నాం. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. థర్మామీటరును నీళ్లలో ముంచినట్టుండే చిన్న బొమ్మ. చూశాను. చూసి కూడా, "ఇంకో రెండు మలుపులే కదా, వ్యూ పాయింట్ దగ్గర ఆపుదాం, పిల్లలు ఫొటోలు దిగుతారు" అనుకున్నాను. ఆ రెండు మలుపుల్లోనే ఇంజిన్ హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది.

కారు ఆగీ ఆగగానే మా ఆపా కొడుకు దిగాడు. పదిహేడేళ్ల కుర్రాడు, ఇంటర్‌లో ఫిజిక్స్ బాగా చదువుతాడని మా ఖాందాన్‌లో పేరు. తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పేశాడు. వెనక నుంచి మేమంతా "జల్దీ, జల్దీ" అంటున్నాం మరి. నీళ్లూ ఆవిరీ కలిసి ఫవ్వారాలా లేచాయి. ముఖం పక్కకు తిప్పుకున్నాడు కాబట్టి కళ్లు దక్కాయి. చెయ్యి మాత్రం కాలింది. మాలో ఒకరు సంచీలో టూత్‌పేస్టు వెతుకుతుంటే, రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒక పెద్దావిడ తన బిందె ఎత్తుకొచ్చి వాడి చేతి మీద ధారగా నీళ్లు పోసింది. బిందె అయిపోతే ఇంకో బిందె తెచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి సవాల్ కూడా అదే, "నీళ్లు ఎంతసేపు పోశారు?" అని. కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాల పాటు పారించడమే మొదటి ఇలాజ్. ఐస్, పేస్టు, పసుపు, ఇంకు ఇవేవీ దగ్గరికి రానివ్వకండి.

ఇంటికొచ్చాక అమ్మీ అంది. "విజిల్ పోకుండా కుక్కర్ మూత మీద నేను చెయ్యి వేస్తే ఇంట్లో అందరూ అరుస్తారు. కుక్కర్ దగ్గరున్న అకల్ కారు దగ్గరేమైంది?"

బడికి నాలుగేళ్లు కూడా సరిగ్గా వెళ్లని అమ్మీ ఫిజిక్సే బరాబర్. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంటుంది. అది లోపలి నీళ్లను బయటి గాలికి దాదాపు రెట్టింపు ఒత్తిడిలో బంధించి ఉంచుతుంది. మామూలు గిన్నెలో 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. వంటింటి కుక్కర్ లెక్క కూడా ఇంచుమించు ఇదే. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పడిపోతుంది, 110 డిగ్రీల దగ్గరున్న నీళ్లన్నీ ఒక్కసారిగా మరుగుతాయి. తువ్వాలు దాన్ని ఆపలేదు. ఇంజిన్ ఆపి కనీసం అరగంట, వీలైతే గంట, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆ మూత జోలికి పోకూడదు. ఈ సబర్ మనకు రోడ్డు మీద ఎందుకో ఉండదు.

సరే, ఇంజిన్ పోయింది ఘాట్ మీదే అయినా జబ్బు ఏడాది నుంచే ఉంది. రేడియేటర్ పక్కన చిన్న లీకు. వారానికోసారి అర లీటరు తగ్గేది. నేను వారానికోసారి కుళాయి నీళ్లు పోసేవాణ్ని. "నీళ్లే కదా!" మధ్యలో ఒక షెడ్డులో చూపిస్తే మెకానిక్ నవ్వుతూ రెండు చెంచాల పసుపు రేడియేటర్‌లో వేశాడు. లీకు ఆగింది, సుభానల్లా అనుకున్నాను. పసుపు లీకును మూసినట్టే రేడియేటర్ లోపలి సన్నని గొట్టాల్ని కూడా మూస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. సిటీలో తిరిగినన్నాళ్లూ ఏమీ తెలీలేదు. ఏడుగురిని మోస్తూ కొండ ఎక్కమనగానే తెలిసింది. దారిలో చిక్కుకుంటే ఇల్లు చేరడానికి పసుపు వాడితే వాడండి, మజ్బూరీ. మర్నాడే దాన్ని కడిగించి లీకు బాగు చేయించాలి.

మా పక్కింటి బాబాయ్ మర్రిపాలెం డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. నేను బక్కెట్‌తో కారు దగ్గర నిలబడ్డప్పుడల్లా గోడ మీంచి చూసేవారు. ఒకరోజు ఇక ఆగలేక, "ఏటి బాబూ, కులాయి నీలు పోసేత్తన్నావేటి? మా లోకోల్లో అలగ పోత్తే ఛార్జిషీటు ఇచ్చేత్తారు" అన్నారు. రైలింజిన్లకు లవణాలు తీసేసిన నీళ్లు, అందులో తుప్పు పట్టకుండా మందు. అంత పెద్ద ఇనుప గుర్రానికే ఆ పర్హేజ్ ఉంటే, మన చిన్న అల్యూమినియం ఇంజిన్‌కు ఎంత ఉండాలి? గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం పని అది. ఇంజిన్ లోపలా అదే పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన చోట వేడి బయటికి రాదు.

పెట్రోలు కాలితే పుట్టే శక్తిలో మోటు లెక్కన మూడో వంతే బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు పొగ గొట్టంలోంచి పోతుంది. మిగిలిన మూడో వంతును నీళ్లు మోసుకుపోయి రేడియేటర్ దగ్గర గాలికి అప్పజెప్పాలి. పంపు నీళ్లను తిప్పుతుంది. థర్మోస్టాట్ అనే చిన్న దర్వాజా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండి, ఇంచుమించు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు గాలి కొట్టడానికి ఫ్యాను. ఇంతే నిజాం. పెద్ద ఇల్మ్ ఏమీ అక్కర్లేదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో అల్ జజారీ మీద ఫార్వర్డులు రాని వారం ఉండదు. 1206లో ఆయన యంత్రాల మీద కితాబ్ రాశాడు, నీళ్లు ఎత్తే యంత్రాలు, జంట పిస్టన్ల పంపు చేశాడు, అన్నీ నిజమే. నేనూ ఫఖర్‌గా ఫార్వర్డ్ చేసినవాణ్నే. కానీ ఎనిమిది వందల ఏళ్ల కిందటి పంపు గురించి చెప్పే నాకు, నా కారులో వాటర్ పంపు ఎక్కడుందో ఆ రోజుకి తెలీదు. ఇది మీకు నవ్వులాటగా ఉంటే, మీ పంపు ఎక్కడుందో చూసొచ్చి నవ్వండి.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే జర్మన్ బీబీ, భర్తకు చెప్పకుండా ఆయన చేసిన బండి వేసుకుని ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్లింది. సుమారు వంద కిలోమీటర్లు. దారి పొడవునా ఇంజిన్‌లో నీళ్లు పోసుకుంటూ వెళ్లింది, ఎందుకంటే ఆ బండిలో నీళ్లు ఆవిరైపోతూ ఉండేవి. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగు చేసుకుంది. మోటారు కారులో మొదటి దూర సఫర్ చేసింది ఒక తల్లి, దారిలో రిపేరు చేసిందీ ఆమే. ఈ మాట ఎందుకంటే, మన ఇళ్లలో చాలా కార్లు ఇప్పుడు భాభీలే నడుపుతున్నారు. భాయ్ దమ్మామ్‌లోనో దోహాలోనో ఉంటాడు. పిల్లల స్కూలు, మామగారి ఆస్పత్రి, పెళ్లిళ్లు అన్నీ ఆమె స్టీరింగ్ మీదే. డ్రైవింగ్ నేర్పించాం, మాషాల్లా. బానెట్ ఎలా తీయాలో మాత్రం నేర్పలేదు. నేర్పకపోగా, "అది మగాళ్ల పని" అని షెడ్డుకు పంపి, అక్కడ వాళ్లు ఏం చెబితే అది కట్టి రమ్మన్నాం.

అందుకే నా రాయ్ ఇది. బండిని చల్లగా ఉంచే బాధ్యత మెకానిక్‌ది కాదు, ఇంటిది. నెలకు అరగంట పని. కష్టమైన రిపేర్లు ఉస్తాద్‌కు వదిలేయండి, వాటి ఖర్చు ఆయన హునర్‌కు ఇచ్చే మజూరీ. కానీ నీళ్ల మట్టం చూడ్డానికి కూడా ఉస్తాద్ కావాలంటే అది బేపర్వాతనం.

మేం ఇప్పుడు ఎలా చేస్తున్నామో చెప్తాను. ఇత్వార్ పొద్దున ఫజర్ తర్వాత, రాత్రంతా ఆగిన ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ తీస్తాం. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బాటిల్ మీద రెండు గీతలుంటాయి, మట్టం ఆ రెండిటి మధ్య ఉండాలి. మాకు ఒక నోటుబుక్ ఉంది, తారీఖు వేసి మట్టం రాస్తాం. నెల నెలా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందనే. పోస్తూ పోవడం ఇలాజ్ కాదు, నేను ఏడాది చేసిన గలతీ అదే. గొట్టాల్ని వేళ్లతో నొక్కుతాం. గట్టిపడి కరకరమన్నా, మెత్తబడి ఉబ్బినా మార్చాలి. క్లిప్పుల దగ్గర తెల్లటి, పచ్చటి ఉప్పులాంటి పెచ్చు కనిపిస్తే అక్కడ మెల్లగా చెమ్మ వస్తోందని అర్థం. వాటర్ పంపు కింద కూడా అలాంటి మరకే చూడాలి.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. సముద్రం నుంచి ఉప్పు గాలి, పోర్టు వైపు నుంచి బొగ్గు ధూళి. కంచరపాలెంలో ఒక రోజు డాబా మీద ఆరేసిన తెల్ల దుపట్టా చూస్తే తెలుస్తుంది. ఆ ధూళి, పురుగులు, ఆకులు అన్నీ రేడియేటర్ సన్నని రేకుల మధ్య ఇరుక్కుంటాయి. మూడు నాలుగు నెలలకోసారి చల్లటి ఇంజిన్ మీద, బ్యాటరీ నెగెటివ్ తీసి, ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో కడగండి. ప్రెషర్ వాష్ వద్దు, రేకులు వంగిపోతాయి. బ్యాటరీ ఎందుకు తీయాలంటే కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను తిరగడం మొదలెడుతుంది. వేళ్లు జాగ్రత్త.

కూలెంట్ సంగతి. దీన్ని షెడ్లలో "కూలెంట్ ఆయిల్" అంటారు గానీ అందులో ఆయిల్ లేదు. ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టకుండా మందులు, నీళ్లు. మనకు మంచు పడదు కాబట్టి కూలెంట్ అక్కర్లేదనేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచు పడకపోయినా తుప్పు పడుతుంది కదా, భాయ్! పైగా గ్లైకాల్ కలిస్తే మరిగే వేడి కూడా పెరుగుతుంది. చిక్కటిది కొంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, కలిపి అమ్మేది కొంటే నీళ్లు కలపకూడదు. డబ్బా మీద చదవండి. రంగు చూసి మోసపోకండి, పచ్చదంతా ఒకటే కాదు, ఎర్రదంతా ఒకటే కాదు. మీ కారు పుస్తకంలో ఏ రకం రాశారో అదే. ఎన్నేళ్లకు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది. పాత రకాలు సుమారు రెండేళ్లు, కొత్త రకాలు ఐదేళ్ల దాకా వస్తాయి.

మార్చే పని మొదటిసారి ఒక తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని చేయండి. చల్లటి ఇంజిన్, చదునైన నేల, హ్యాండ్‌బ్రేకు, చక్రాల కింద రాళ్లు. రేడియేటర్ కింది మరను వదులు చేసి పాతదాన్ని బేసిన్‌లో పట్టండి. మాది తుప్పు రంగులో, పసుపు ముద్దలతో దిగింది. తర్వాత డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటర్ పూర్తి వేడి వైపు తిప్పి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఆపి, మళ్లీ పూర్తిగా చల్లారాక వదిలేయాలి. నీళ్లు తేటగా దిగేదాకా ఇలాగే. మాకు నాలుగుసార్లు పట్టింది, అంటే రెండు రోజులు. చివర్లో కొత్త కూలెంట్ మెల్లగా పోసి లోపల చిక్కుకున్న గాలిని బుడగలుగా రానివ్వాలి. గాలి మిగిలితే కొత్త కూలెంట్ పోసి కూడా బండి వేడెక్కుతుంది. మర్నాడు పొద్దున మట్టం ఇంకోసారి చూడండి, తగ్గే ఉంటుంది.

థర్మోస్టాట్ గురించి షెడ్లలో ఒక మాట చలామణిలో ఉంది. "మన ఎండలకు ఇదెందుకు సార్, తీసి పారేద్దాం" అని. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. చెడిందో లేదో తెలుసుకోవడం చాలా ఆసాన్. మా అమ్మాయి స్టవ్ మీద చేసి చూపించింది. పాత గిన్నెలో నీళ్లు, దారం కట్టి వేలాడదీసిన థర్మోస్టాట్, పక్కన థర్మామీటరు. దాని మీద చెక్కి ఉన్న 82 అంకె దగ్గరికి వచ్చేసరికి లోపలి మైనం కరిగి, దర్వాజా మెల్లగా తెరుచుకుంది. అమ్మీ కుర్చీ వేసుకుని కూర్చుని చూసింది. "నువ్వు పెళ్లికి చూపించిన వీడియో కంటే ఇది బాగుంది" అంది నాతో. (ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకండి.)

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా, పొగ తెల్లగా తియ్యటి వాసనతో వస్తున్నా, బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా బండి స్టార్ట్ చేయకుండా లాగించుకుని తీసుకెళ్లండి. అది హెడ్ గ్యాస్కెట్. హెడ్ దించాలి, లేత్ దగ్గర ఫేసింగ్ చేయించాలి, ఇంటి పని కాదు. దారిలో ఎర్ర లైటు వెలిగితే ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా తెరవండి, చెమటలు పట్టినా సరే, వెంటనే పక్కన ఆపి ఇంజిన్ ఆపేయండి. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, పగులుతుంది. రెండు మలుపుల ఆశ పెట్టుకోకండి.

కంచరి అంటే కంచు, ఇత్తడి పనివాడు. కంచరపాలెం పేరు విన్నప్పుడల్లా నాకు ఆ లఫ్జ్ వినిపిస్తుంది. అంబాసిడర్ల కాలంలో రేడియేటర్లు రాగి, ఇత్తడివే. చిల్లు పడితే టాంకా వేసి ఇచ్చే ఉస్తాద్‌లు ఉండేవారు, అది ఖాలిస్ హునర్. ఇప్పటివి అల్యూమినియం, పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు. టాంకాకు లొంగవు, చాలావరకు మార్చడమే. ఆ ఉస్తాద్‌ల పిల్లలు ఏం చేస్తున్నారని నేను ఒకట్రెండు షెడ్లలో అడిగాను. "చదివిస్తున్నాం సార్, ఈ పనిలోకి రానివ్వం" అన్నారు. తప్పు పట్టను. కానీ చదువంటే బీటెక్ ఒకటే అని ఎవరు చెప్పారు? కంచరపాలెంలోనే ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ అని రెండేళ్ల ట్రేడ్ ఉంది, పది పాసైతే చాలు. మన మొహల్లాలో ఎంతమంది అమ్మానాన్నలు అక్కడికి పిల్లల్ని షర్మ్ లేకుండా పంపుతున్నారు? ఇంజినీరింగ్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడికి రిష్తా వస్తుంది, చేతిలో పనున్న కుర్రాడి గోళ్లలో గ్రీజు చూసి ముఖం తిప్పుకుంటారు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. షెడ్లలో "చోటూ" అని పిలిచే పిల్లలు ఉంటారు. 2016 చట్ట సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని అలాంటి పనుల్లో పెట్టుకోవడం నేరం. అయినా కనిపిస్తారు. మా భాంజా మచ్చ చూశాక నేను చోటూల చేతులు చూడ్డం మొదలెట్టాను. మోచేతి కింద అలాంటి మచ్చలే, ఒకటి కాదు, రెండు మూడు. మనం బండి ఆపి "జల్దీ చెయ్, మాకు ఫంక్షన్ ఉంది" అంటాం. చోటూ వేడి మూత తిప్పుతాడు. మా భాంజాకు నీళ్లు పోయడానికి ఒక ఆవిడ పరిగెత్తుకొచ్చింది, ఖాందాన్ అంతా ఏడ్చింది. చోటూకు ఎవరు పోస్తారు? బండి చల్లారేదాకా కూర్చుని చాయ్ తాగండి. పిల్లాడు మూత దగ్గరికి వెళ్తే ఆపండి, యజమానిని అడగండి.

చివరగా, ఫ్లష్ చేసిన పాత కూలెంట్ సంగతి. అది జహర్. రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు, పిల్లులు, కుక్కలు నాకే ప్రమాదం ఉంది. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోయకండి, పచ్చగా ఉంటే పిల్లలు షర్బత్ అనుకుంటారు. నేలన కారితే కడిగేయండి. మాది ఐదు లీటర్ల డబ్బాలో పోసి, మీద "జహర్" అని ఉర్దూలో ఒకవైపు, "విషం" అని తెలుగులో ఇంకోవైపు రాసి, మెట్ల కింద గూట్లో తాళం వేశాను. ఎవరికివ్వాలో తెలియక మూడు షెడ్లలో అడిగాను. ముగ్గురూ ఒకే జవాబు చెప్పారు, చేత్తో చూపిస్తూ. "ఆ కాలువలో పారబోసెయ్యండి సార్, అందరం అంతే." ఆ కాలువ పక్కనే మేకలు కట్టేసి ఉన్నాయి. డబ్బా ఇంకా మా మెట్ల కిందే ఉంది.